శరీరానికి తగిన సైకిలు: ఒక బేరీజు

యాభై ఏళ్లు దాటిన మా వంటి ఉద్యోగులకు వైద్యులు తరచుగా సూచించే వ్యాయామాలలో సైకిలు తొక్కడం ఒకటి. అందుకు గ్రేటర్ నోయిడా ఎంతో అనువైన పట్టణం. చదునైన నేల; ఆల్ఫా, బీటా, గామా అంటూ గ్రీకు అక్షరాల పేర్లు గల సెక్టార్లు; వాటిని కలుపుతూ వెడల్పైన, తిన్నని రహదారులు. వేకువజామున పరీ చౌక్ దాటి ముందుకు సాగితే గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

అయితే ఈ అనుకూలతలోనే ఒక ఇబ్బంది దాగి ఉన్నది. ఎత్తుపల్లాలు గల చోట సైకిలు తొక్కేవారు అప్పుడప్పుడు సీటు మీది నుండి లేస్తారు, చేతులు మార్చుకుంటారు. ఇక్కడ ఆ అవసరమే కలగదు. కూర్చున్న భంగిమ కూర్చున్నట్లే ఉంటుంది. నిమిషానికి 75 చుట్ల చొప్పున ఒక్కొక్క మోకాలు గంటకు 4,500 సార్లు వంగుతుంది. రోజుకు గంటన్నర, వారానికి మూడు రోజులు అనుకుంటే అది 20,250 సార్లు. మోటారుకు, పంపుకు మధ్య అలైన్‌మెంట్ కుదరకపోతే ఎన్ని బేరింగులు మార్చినా నిలవవని మన సంస్థలో తెలియని వారు లేరు. మోకాలి విషయంలోనూ న్యాయం అదే.

కొత్త సైకిలు కొన్న రెండు నెలలకు మాకు కుడి మోకాలి ముందు భాగంలో నొప్పి, ఎడమచేతి ఉంగరపు వేలిలోను చిటికెన వేలిలోను తిమ్మిరి మొదలైనాయి. మా తండ్రిగారు చివరి పదేళ్లు మోకాళ్ల నొప్పుల వలన పీట మీద కూర్చుని భోజనం చేయలేకపోయారు. కనుక దీనిని తేలికగా తీసుకోలేకపోయాము. సహోద్యోగి ఒకరు బైక్ ఫిటింగ్ చేయించుకోమని సలహా ఇచ్చారు. దర్జీ మన కొలతలు తీసి చొక్కా కుట్టినట్లు, నిపుణుడు మన దేహాన్ని కొలిచి సైకిలును సరిచేయడమే ఈ ప్రక్రియ. విచారించగా రుసుము 8,000 రూపాయలన్నారు. మా సైకిలు ఖరీదు 32,000. “ఆ డబ్బుతో ఇంకో సైకిలే వస్తుంది కదండీ!” అన్నారు మా శ్రీమతి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత మాకూ గుర్తుకు వచ్చింది. ముందుగా గోటితో ఎంత పోతుందో చూడదలచాము.

సీటు ఎత్తును గురించి శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. 1967లో హామ్లీ, థామస్ అనే బ్రిటిష్ పరిశోధకులు, పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని నుండి సీటు పైభాగం వరకు గల దూరం, కాలి లోపలి పొడవులో 109 శాతం ఉండాలన్నారు. టూర్ ద ఫ్రాన్స్‌ను మూడుసార్లు గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారం పొందిన లెక్క మరొకటి ఉన్నది: ఆ పొడవును 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు మధ్య నుండి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. గోడకు ఆనుకొని నిలబడి, ఒక పుస్తకం, టేపు సాయంతో కొలిస్తే మా కాలి పొడవు 78 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం ఎత్తు 68.9, దుకాణంలో బిగించి ఇచ్చినది 65. సీటు పల్లంగా ఉంటే మోకాలి ముందు భాగంలోను, మరీ ఎత్తయితే వెనుక భాగంలోను నొప్పి రావడం సాధారణం. వారానికి ఒక సెంటీమీటరు చొప్పున పెంచుతూ పోగా, నాలుగవ వారానికి మోకాలి నొప్పి దాదాపు తగ్గింది. ఖర్చు శూన్యం.

వేళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. అరచేతి అంచున మణికట్టు గుండా సాగే అల్నార్ నాడి మీద ఒత్తిడి పడుతున్నదని, అది దీర్ఘకాలం కొనసాగితే పట్టు సడలవచ్చునని వైద్యులు చెప్పారు. చేతి బరువు ఎక్కడ పడుతున్నదో తొక్కేవారికి తమంతట తాము కనిపించదు. అప్పుడు 8,000 చెల్లించాము.

నిపుణుడు రెండున్నర గంటలు శ్రమించాడు. భుజాలు, నడుము ఎంతవరకు వంగుతాయో చూశాడు. తుంటి, మోకాలు, చీలమండల వద్ద గుర్తులు పెట్టి, తొక్కుతుండగా కెమెరాతో కోణాలు కొలిచాడు. మేము అమర్చిన సీటు ఎత్తును 4 మిల్లీమీటర్లు మాత్రమే మార్చాడు. అసలు దోషం హ్యాండిల్ దూరంలో ఉన్నదని తేల్చి, 20 మిల్లీమీటర్లు పొట్టిదైన స్టెమ్ వేసి, హ్యాండిల్‌ను కొంత పైకెత్తాడు. నెల రోజులకు తిమ్మిరి చాలావరకు తగ్గింది. నలభై కిలోమీటర్లు దాటితే ఇప్పటికీ కొద్దిగా కనిపిస్తుంది.

ఈ విద్యను మా కాలనీ కాపలాదారు వద్ద కూడా ప్రయోగించాము. ఆయనది పాత అట్లాస్ సైకిలు. ఆ సంస్థ సాహిబాబాదు కర్మాగారం 2020 జూన్‌లో మూతపడినా ఆయన బండి మాత్రం నడుస్తూనే ఉన్నది. సీటు మూడు సెంటీమీటర్లు పెంచాము. రెండు రోజుల తరువాత ఆయన ఒక సెంటీమీటరు దించుకున్నాడు. “కూడలిలో ఆగినప్పుడు కాలు నేలకు ఆనాలి కదా సాబ్” అన్నాడు. నిజమే. కొలతలు దేహాన్ని బట్టి మాత్రమే కాదు, పనిని బట్టి కూడా ఉండాలి.

కనుక మా అభిప్రాయం ఇది. అంగడికి, ఆఫీసుకు అరగంట తొక్కేవారికి టేపు, అలెన్ కీ, కొంత ఓపిక చాలు. వారంలో నాలుగైదు గంటలు తొక్కుతూ, ఆ సవరణల తరువాత కూడా నొప్పి గాని తిమ్మిరి గాని మిగిలి ఉన్నవారు వైద్యుని సంప్రదించి, ఆపైన ఆ రుసుము చెల్లించడం దుబారా కాదు. సైకిలు ధరతో పోల్చితే అది ఎక్కువగానే కనిపించవచ్చు, పోల్చవలసినది మోకాలితో.