బావి వంతు

"పల్లెలు దేశమునకు పట్టుకొమ్మలు" అను వాక్యమును ఐదవ తరగతి మొదలు ఇంటర్మీడియట్ వరకు నేను ఎన్ని పర్యాయములు వ్రాసితినో లెక్కలేదు. పచ్చని పైరులు, గలగల పారు కాలువలు, కల్లాకపటము లేని జనులు, ఈ మూడును వ్రాసిన యెడల పదికి ఏడు మార్కులు తప్పక వచ్చెడివి. పరీక్ష వ్రాసి ఇంటికి పోయినంతనే బిందె చంకనబెట్టుకొని అరమైలు దూరములోని కొళాయి కడకు పోవుట నా వంతు పని. ఆ వ్యాసమునకును ఈ బిందెకును గల దూరము అప్పుడు నాకు తోచలేదు. కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయుమని మా తెలుగు అధ్యాపకులు ఆదేశించినందున, ఈ సారి మార్కుల చింత లేకుండ మా యూరిని గూర్చి ఉన్నదున్నట్లు వ్రాయుటకు పూనుకొంటిని.

మా యూరు చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలములోనిది. రైలు స్టేషను నుండి నాలుగు మైళ్ళు నడువవలెను. మొత్తము అరువది గడపలు. కర్ణాటకము, తమిళనాడు రెండును దగ్గరలోనే యుండుటచేత మా సంతలో తెలుగు, కన్నడము, అరవము, ఉర్దూ నాలుగును వినబడును. బేరము మాత్రము అన్ని భాషలలోను ఒక్కటే. జోలార్‌పేట నుండి బెంగళూరుకు రైలుదారి 1864లో మా ప్రాంతము మీదుగనే వేసినారు. నేల ఎర్రనేల, కొన్ని అడుగులు త్రవ్వగనే రాయి తగులును. పాలారు కుప్పం ప్రాంతము గుండా పోవును గాని, దాని 348 కిలోమీటర్ల ప్రయాణములో మన రాష్ట్రమునకు దక్కినది 33 కిలోమీటర్లు మాత్రమే. అందులోను ఇసుక కనబడు దినములే యెక్కువ. కావున మాకు వానయే ఆధారము. రాగి, వేరుశనగ, ఉలవలు వానను నమ్మి వేయుదురు; మల్బరి, టమాటా, కొద్దిపాటి వరి బావిని నమ్మి వేయుదురు. ఇంట రాగిసంగటి, ఊరిబిండి. చలికాలములో అనపకాయల పితికిపప్పు దొరికిననాడు పండుగ.

మా తాత కాలములో చెరువు క్రింద నీరుగంటి యుండెడివాడు. తూము తీయుట, మూయుట, ఏ కయ్యకు ఎంతసేపు నీరు పారవలెనో చూచుట అతని పని. అతనికి జీతము పంటలోనుండి ఇచ్చెడివారు. ఎంత పెద్దరైతు కేకవేసినను వంతు రానిదే మడవ తిప్పెడివాడు కాడని మా అవ్వ నేటికిని చెప్పును.

మా తాతయు, ఆయన సోదరులు ముగ్గురును కలిసి 1960 ప్రాంతములో ఒక బావి త్రవ్వించిరి. నలుబది అడుగుల లోతు, నాలుగు పాళ్ళు. కపిల కట్టి తోలుబానతో నీరు తోడెడివారు. ఎద్దులు వాలుబాటలో దిగునప్పుడు బాన పైకి వచ్చి తొండము గుండా నీరు తొట్టిలో పడును. ఎద్దులను వెనుకకు నడిపించిన బాన మరల బావిలోనికి దిగును. ఒక జత ఎద్దులు ఒక పూటకు మించి లాగలేవు. ఒకరికి ఉదయము, మరియొకరికి సాయంకాలము. రెండు దినములకొకమారు వంతు. వేసవిలో నీరు తగ్గినప్పుడు మోకు ఎంతవరకు తడిసినదో చూచి, నలుగురును గట్టుమీద కూర్చుండి, "ఈ యేడు వరి వద్దు, రాగియే నాటుదము" అని నిర్ణయించుకొనెడివారట. ఎద్దుల అలసటయే ఆ బావికి కాపలా.

నేను ఆ కపిలను చూడలేదు. నేను పుట్టునాటికి ఆయిలు ఇంజను వచ్చి పోయినది, కరెంటు మోటారు వచ్చినది, బావి ఎండినది. నేనెరిగిన బావిలో ఒక తుమ్మచెట్టు మొలచి యున్నది. 2004 నుండి వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితమైనది. అది రైతునకు మేలు చేసినమాట వాస్తవమే. కాని మీట నొక్కినంతనే వచ్చు నీటికి వెల లేదను భ్రమ కూడ దానితో వచ్చినది. 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము క్రొత్త బోరునకు అనుమతి పొందవలెను. మా యూరికి రాత్రివేళ వచ్చిన బోరులారీని ఆపి అనుమతి పత్రము అడిగినవారిని నేను చూడలేదు.

మా నాయన మొదటి బోరు వేసినది నేను పుట్టిన యేడు. మూడువందల అడుగులలో రెండంగుళముల నీరు పడినది. కొన్నేండ్లు ఆ నీటితో ఇల్లు గడచినది. పిమ్మట మా చిన్నాయన నూరు గజముల దూరములో ఐదువందల అడుగుల బోరు వేసినారు. ఆ వేసవిలోనే మా బోరు గాలి కక్కినది. ఆ బోరువలననే మా బోరు ఎండినదో, వానలు లేమియే కారణమో తేల్చి చెప్పగలవారు మా యూరిలో లేరు. తేల్చుటకు ముందే రెండు ఇళ్ళకు మాటలు ఆగిపోయినవి. అవ్వ యొక్కతియే ఒక పూట ఇచ్చట, ఒక పూట అచ్చట సంగటి తినుచుండెను.

టెంకాయ అరచేత నిలిపి నీరు చూచువాడు వచ్చి చేనిలో రెండు చోటుల గురుతు పెట్టినాడు. ఒకచోట ఎనిమిదివందల అడుగులు, మరియొకచోట పదునొకండువందల అడుగులు దింపినారు. రెండింటను వచ్చినది తెల్లని రాతిదుమ్ము. ఆ దుమ్ము చేనిమీద, చెట్లమీద, మా అమ్మ ఆరవేసిన బట్టలమీద పడినది. లారీవాడు అడుగుల లెక్క చెప్పి దుడ్డు తీసికొని తెల్లవారకమునుపే పోయినాడు. అప్పు మాత్రము పోలేదు. ఎద్దులను అమ్మివేసినారు.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలెను. మా మండలములోనే చిగురుగుంట, బిసానత్తముల కడ బంగారుగనులు ఉండెడివి. అవి కోలారు బంగారుగనుల రాతిపట్టీకి దక్షిణపు కొస. కోలారులో మూడు కిలోమీటర్లకు మించిన లోతువరకు మనుష్యులు దిగి బంగారము తెచ్చినారు. ఆ గనులలో ఊరు నీటిని పంపులతో నిరంతరము తోడి బయట పోయవలసివచ్చెడిది. 2001లో గనులు మూతపడినవి. పంపులు ఆగినంత సొరంగములు నీట మునిగినవి. బంగారము కొరకు దిగినవారికి నీరు అడ్డుపడినది. నీటికొరకు దిగిన మాకు రాయి అడ్డుపడినది. గనిలో పనిచేసిన మా యూరి ముసలివారొకరు ఈ మాట చెప్పి నవ్వుచుందురు. ఆ నవ్వులో దగ్గు కూడ కలిసియుండును.

ఎద్దులు పోయిన యేడే మా అన్న చదువు మానుకొని బెంగళూరుకు సెంట్రింగు పనికి పోయినాడు. తెల్లవారుజామున గుడుపల్లె స్టేషనులో నిలిచినచో మా చుట్టుప్రక్కల ఊళ్ళ యువకులెందరో చేతిసంచులతో కనబడుదురు. అక్క పదవ తరగతితో బడి మానినది. చిన్నాయన బోరులో అప్పటికి కొంత నీరున్నది. వారి మల్బరి ఆకు వెలకు కొని, మా యింటి వెనుక గదిలో అక్క పట్టుపురుగులు పెంచినది. మాటలు లేకున్నను ఆకు బేరము అవ్వ నడిపినది. పురుగు నాలుగు పర్యాయములు పొర విడుచును. అయిదవ దశలో పగలు రాత్రి యనక ఆకు తినును. ఆ గదిలో వాన కురిసిన చప్పుడు వినబడును. పిమ్మట చంద్రికల మీద గూడు కట్టును. ఇరువదియైదు దినముల కష్టమునకు ఫలము మార్కెట్టులో ఒక్క పూటలో తేలిపోవును. అమ్మ రెండు ఆవులను మేపి పాలు పోయును. మా యింట సేద్యము చేయువారు మా నాయన. ఇల్లు నడుపునది మాత్రము సేద్యము కాదు.

2024 వేసవిలో నాకు ఇంటర్మీడియట్ ముగిసినది. అన్న ఆ నెలలో సెలవుపై వచ్చి, కూడబెట్టిన దుడ్డు నాయన చేతిలో పెట్టినాడు. నన్ను డిగ్రీలో చేర్చుటకు, హాస్టలుకు అది సరిపోవును. నాయన ఆ రాత్రి భోజనము చేయలేదు. చాలసేపటికి, "ఇంగొక్క బోరు ఏస్తాం. ఈసారి పడతాది. పడితే పాపను వచ్చే యేడు చేరుస్తాం" అన్నారు. అన్న తల వంచుకొని కూర్చుండెను. అమ్మ లేచి ఆవుల కడకు పోయినది. నేను గోడకానుకొని వినుచుంటిని.

అప్పుడు అవ్వ మంచముమీదనుండియే పలికినది: "ఒరే నాయనా, మీ నాయన బావి తవ్వితే నలుగురికి నీళ్ళొచ్చె. నువ్వు మూడు తూర్లు తవ్వితే దుమ్మొచ్చె, తమ్ముడు దూరమాయె. ఆ దుడ్డు పాప సదువుకు కట్టు. బోరు మాదిరి అదీ పడకపోతే, అప్పుడు నన్నడుగు."

నాయన మారు పలుకలేదు. రెండు వారముల పిదప నన్ను మదనపల్లెకు తీసికొనివచ్చి ఫీజు కట్టినారు. నేను చదువుచున్నది ఒక వేయని బోరు ధరతోనని నాకు తెలియును. తరగతిలో మనసు చెదరినప్పుడెల్ల అదియే జ్ఞాపకము వచ్చును.

హాస్టలులో నుండి ఖాళీ సమయములలో నేను జావా ద్వీపపు పల్లెలను గూర్చి చదివితిని. అగ్నిపర్వతపు సారవంతమైన నేల, మెట్లుమెట్లుగా కట్టిన వరిమళ్ళు, నిండుగ పారు నీరు. మాకు లేనివన్నియు వారికున్నవి. అయినను వారు పేదలైరి. క్లిఫర్డ్ గీర్ట్జ్ అను అమెరికా పండితుడు 1963లో ప్రకటించిన గ్రంథములో దీనిని వివరించినాడు. డచ్చివారి చెరకుసాగు కాలమునుండి జనసంఖ్య పెరిగినకొలది, అవే మళ్ళలో మరిన్ని చేతులు చేరి, పనిని, పంటను చిన్నచిన్న పాళ్ళుగా చేసికొని, చివరకు పేదరికమునే పంచుకొనిరని ఆయన వాదము. పిదపి పండితులు కొందరు దీనిని ఖండించిరి. అందరును సమముగా పంచుకొనలేదనియు, భూమి లేనివారు ఆ పంపకములో వెనుకబడిరనియు వారు చూపిరి.

ఆ ఖండనము చదివినప్పుడు నాకు మా తాత బావి గుర్తుకు వచ్చినది. నలుగురి పాళ్ళని గర్వముగా చెప్పుకొందుము. ఊరి దక్షిణపు వాడలోని పదునాలుగు ఇళ్ళవారికి ఆ బావిలో పాలు లేదు. బావి త్రవ్విన చేతులలో సగము వారివే. వారికి భూమి లేదు కావున వంతు లేదనిరి. సెలవులలో అవ్వను అడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అప్పుడెవురూ అడగలేదు" అన్నది. పూర్వకాలము మంచిదని వ్రాయబోయిన నా కలము అచ్చట ఆగినది. పంచుకొనుట మంచిదే, ఎవరి మధ్య పంచుకొనుట అను ప్రశ్న కూడ దానితోనే పుట్టవలెను.

వాన రాకపోవుట ఒక్కటే మా కష్టమునకు కారణమని చెప్పుటకు లేదు. 2021 నవంబరులో జిల్లా అంతట భారీవర్షములు కురిసినవి. మా చెరువు ఎన్నో యేండ్లకు మరవ పారినది. ఎండిన బోరులు కొన్ని మరల పలికినవి. ఊరంతయు టమాటా నాటినది. రెండు వేసవులలో నీరు మరల అడుగునకు పోయినది. చెరువు నిండినప్పుడు కూర్చుండి లెక్కవేసినవారు లేరు.

2025 ఆగస్టులో, శ్రీశైలము జలాశయమునుండి దశలవారీగా ఎత్తిపోసి తెచ్చిన కృష్ణానీరు హంద్రీ-నీవా కాలువద్వారా కుప్పం ప్రాంతమునకు చేరినది. మా యూరినుండి జనము ట్రాక్టరు కట్టించుకొని చూడబోయిరి. మా నాయన ఒకవైపు, చిన్నాయన మరియొకవైపు కూర్చుండిరి. కాలువగట్టుమీద అందరును నీటికి దండము పెట్టిరి. నాయన చాలసేపు చూచి, ఎవరితోననక, "నీళ్ళు వచ్చె, సరే. నీరుగంటి యాడ?" అన్నారు. ప్రక్కనున్న చిన్నాయన, "అదే నేనూ అనుకుంటా ఉండానన్నా" అన్నారు. ఎన్నో యేండ్ల పిదప ఆ యిద్దరి నడుమ నడచిన మొదటి మాటలవి. ఇంటికి వచ్చి అవ్వకు చెప్పితిని. ఆమె ఏమియు అనలేదు. ఆ రాత్రి ఎక్కడ తినవలెనో అడిగినది.

సోదర విద్యార్థులారా! నీరుగంటి తిరిగి రాడు. అతని పని మాత్రము చేయవలసియే యున్నది. రెండువేల దశకములో చిత్తూరుతో సహా మన ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో, రైతులే తమ బావుల నీటిమట్టమును కొలిచి, వానను కొలిచి, ఉన్న నీటికి తగిన పంట లెక్క వేసికొనిరి. చదువు తక్కువైన రైతులు చేసిన పనిని డిగ్రీ విద్యార్థులము చేయలేమా? జాతీయ సేవా పథకపు శిబిరములలో రోడ్లు ఊడ్చుటతోపాటు, ప్రతి విద్యార్థియు తన యూరి బోరులను లెక్కించి వ్రాసి తెచ్చు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల పాలకవర్గమువారిని సవినయముగా కోరుచున్నాను.

నేను ఆరంభించితిని. గడచిన సంక్రాంతి సెలవులలో చిన్నాయన కూతురును నేనును ఇల్లిల్లు తిరిగితిమి. బోరులు నలుబదియేడు, నీరున్నవి పదునొకండు. పుస్తకములో లోతు, నీరు, వేసిన సంవత్సరము అని మూడు గడులు గీసితిమి. చివర నాలుగవది గీసి, "వంతు లేనివారు" అని వ్రాసితిమి. అందులో పదునాలుగు ఇళ్ళు చేరినవి. ఆ గడిని ఏమి చేయవలెనో మా కింకను తెలియదు. ఖాళీగా మాత్రము విడువలేదు.

పల్లెలు దేశమునకు పట్టుకొమ్మలనుట అబద్ధము కాదు. కాని ఆ కొమ్మకు నీరెవరు పోయుదురు, ఎవరి వంతు ఎప్పుడు అను ప్రశ్న లేని వ్యాసమునకు, ఇకమీదట నేనైతే ఏడు మార్కులు వేయను.