కొల్లేటికి రైలు దారి

కొల్లేరు చూడదలచినవారు కారులో వెళ్ళకూడదని నా గట్టి అభిప్రాయం. కారెక్కినవారు తిన్నగా ఆటపాక గట్టు మీద దిగుతారు. పక్షులను చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని, చీకటి పడకముందే వెనుదిరుగుతారు. వారు చూసినది పక్షులనే గాని కొల్లేటిని కాదు. సరస్సనేది ఒకచోట గీత గీసినట్టు మొదలయ్యేది కాదు. నేల కొంచెం కొంచెంగా పల్లమై, కాలువల నడక మందగించి, గాలిలో నీచు వాసన చేరి, క్రమంగా దగ్గరవుతుంది. ఆ క్రమం కంటికి అందాలంటే ఊరూరా ఆగే బండి కావాలి.

మాది బంటుమిల్లి. కృష్ణా తూర్పు డెల్టాలో చిట్టచివరి ఊళ్ళలో ఒకటి. బందరు కాలువల నీరు మా దాకా వచ్చేసరికి అలసిపోయి ఉంటుందని మా పెద్దలు హాస్యానికి అనేవారు. మాకు రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో పెడన వెళ్ళాలి. కైకలూరుకు రోడ్డున దగ్గర దారులున్నాయి. అయినా పెడన వెళ్ళి, గుడివాడలో బండి మారి, కైకలూరులో దిగడమంటే తల చుట్టూ చేయి తిప్పి ముక్కు పట్టుకోవడమే. గత సంక్రాంతి సెలవుల్లో ఆ పనే చేశాము. అమ్మ, హైదరాబాదు నుంచి వచ్చిన పదేళ్ళ మేనల్లుడు, నేను.

అమ్మ పుట్టినది కొల్లేటి లంకలో. డెబ్బై ఆరేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, "ఒకసారి నీళ్ళు చూసి వద్దామురా" అన్నది. ఏ నీళ్ళని నేను అడగలేదు. మా ఇంట్లో 'నీళ్ళు' అంటే కొల్లేరే.

పెడనలో పాసింజరు ఎక్కాము. కలంకారీ అద్దకాల ఊరు వెనుకబడగానే కవుతరం, గుడ్లవల్లేరు వస్తాయి. ఇరువైపులా వరి కోసిన మళ్ళు, వాటిలో పచ్చగా మినుము. బెజవాడనూ బందరునూ కలిపే ఈ దారి 1908లో పడింది. గుడివాడ నుంచి భీమవరం వైపు వెళ్ళేది 1928లో, మొదట మీటరు గేజిగా వచ్చింది. అంతకు పూర్వం ఈ పల్లపు నేలలో వానాకాలపు ప్రయాణమంటే పడవ ప్రయాణమే. అమ్మ చిన్నతనంలో కూడా లంక నుంచి కైకలూరు సంతకు తాటిదోనె మీదనే వచ్చేవారట.

గుడివాడలో బండి మారిన తరువాత ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి. సరస్సు ఉత్తరాన ఉంటుంది. మోటూరు దాటగానే పొలాలు పలచబడి నీళ్ళు కనబడసాగాయి. మేనల్లుడు లేచి నిలబడ్డాడు.

"మామయ్యా, ఇదేనా కొల్లేరు?"

"కాదురా, చేపల చెరువు."

మండవల్లి వచ్చింది. మళ్ళీ నీళ్ళు, ఇంకా విశాలంగా. "ఇదీ?" అన్నాడు. ఇదీ చెరువేనన్నాను. కైకలూరు చేరేసరికి నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి నన్ను వదిలి అమ్మమ్మను అడిగాడు. ఆవిడ కిటికీ లోంచి చూస్తూనే చెప్పింది: "నాలుగు మూలలుంటే చెరువురా నాన్నా. కొల్లేటికి మూలలుండవు."

ఇన్నేళ్ళుగా కొల్లేటిని గురించి నేను చదివిన వాటిలో ఇంత తేలికగా బోధపడినది లేదు. చదివినది మాత్రం కొంత ఉంది. ఇది కృష్ణా గోదావరుల మేటలకు మధ్య మిగిలిపోయిన పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు ఇందులో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. నాలుగు గుమ్మాలలోంచి వచ్చినవారు ఒక్క కిటికీలోంచి బయటికి పోవాలన్నమాట. మధ్యలో నీరు నిలబడడానికి చోటుండాలి. ఆ చోటే కొల్లేరు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. కానీ అప్పటికే కొల్లేటి కడుపులో చెరువుల గట్లు లేచి ఉన్నాయి. 2006లో ప్రభుత్వం యంత్రాలతో, పేలుడు పదార్థాలతో వాటిని తెగగొట్టించింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడడుగుల ఎత్తు వరకు కుదించమని కోరుతూ తీర్మానం చేసింది. తెగిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

కైకలూరులో ఏలూరు బస్సెక్కాము. కండక్టరు "మామ్మగారికి చోటివ్వండి" అని కేకవేయగా ఒకాయన లేచి, అమ్మకు సీటిచ్చి, కడ్డీ పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు. అరవై ఏళ్ళుంటాయి. అమ్మ ఆయన ఊరు అడిగింది, ఆయన అమ్మ పుట్టిల్లు అడిగాడు. పక్క లంకలే. ఇక నేను వినడమే.

"గట్లు తెగ్గొట్టినప్పుడు మా సొసైటీ చెరువు పోయిందమ్మా. నీళ్ళు కదిలిన మాట నిజమే. ఆ ఏడు కొర్రమీను కూడా బాగానే పడింది. కానీ కొర్రమీనుతో పిల్ల పెళ్ళి అవదు గదా! మా వాళ్ళు సగం మంది ఊరొదిలారు."

"ఇప్పుడు చెరువులు మీవేనా?" అన్నది అమ్మ.

ఆయన నవ్వాడు. "పేరు మాదమ్మా. చెరువు లీజుకి తీసుకున్నాయనది. మేం కాపలా ఉంటాం."

"మరి వానొస్తే నీళ్ళు ఎటు పోవాలయ్యా?"

"మా ఇళ్ళల్లోకేనమ్మా" అన్నాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు లోకమంతా విజయవాడనే చూసింది. ఆ నీరు తరువాత కొల్లేటికే దిగి వచ్చింది. లంకల వాళ్ళు నడుము లోతు నీళ్ళలో బియ్యం మోసుకున్న రోజులు ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

చెరువు ఉంటే నీటికి దారి లేదు, చెరువు లేకుంటే తనకు కూలి లేదు. ఆ రెండూ ఒకే మనిషి నోట, ఏ కోపమూ లేకుండా, ఒకే బస్సు ప్రయాణంలో విన్నాను. పర్యావరణ పరిరక్షణ గురించి పట్నంలో కూర్చుని మాట్లాడేటప్పుడు ఈ గొంతు మనకు వినబడదు. చెరువుల వల్ల వచ్చిన ఐశ్వర్యం గురించి మాట్లాడేటప్పుడూ వినబడదు. గట్టు లాభం ఒకరికి, వరద మరొకరికి వెళ్ళే ఏర్పాటు ఉన్నంత కాలం ఎన్ని గట్లు తెంచినా మళ్ళీ లేస్తూనే ఉంటాయని నాకు అనిపించింది. లంకల వాళ్ళకు చేపల వేటతో బతుకు గడిచే దారి చూపకుండా కొల్లేటికి దారి ఇవ్వడం సాధ్యం కాదు.

ఆటపాకలో గూడబాతులను చూశాము. చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టిన ఇనుప మంచెల మీద కూడా గూళ్ళు కట్టుకున్నాయి. ఎర్రకాళ్ళ కొంగలు వాటి పక్కనే కాపురం. మేనల్లుడు గంతులు వేశాడు. అయితే అదీ గట్టున్న నీరే. అందుకని మళ్ళీ ఏలూరు బస్సెక్కి పెదయడ్లగాడి వంతెన దగ్గర దిగాము. అక్కడ కిక్కిస, గుర్రపుడెక్క, వాటి నడుమ మెల్లగా కదిలే నీరు. అమ్మ వంతెన గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. మూలలు వెదికి, కనబడక, పిల్లవాడు తనంతట తానే "ఇది కొల్లేరు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, వాడి తల నిమిరింది.

నవంబరు నుంచి మార్చి లోపల వెళ్ళండి, పక్షులుంటాయి. ఫాల్గుణంలో వెళ్తే కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర కూడా చూడవచ్చు. పొద్దున్నే బయలుదేరండి, ఎడమ కిటికీ పట్టుకోండి, బస్సులో పక్కవారిని పలకరించండి. అన్నిటికన్నా ముఖ్యం, పిల్లలను తీసుకువెళ్ళండి. "ఇదేనా కొల్లేరు?" అని వాళ్ళు అడిగినప్పుడు కాదనో అవుననో తేల్చి చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు. వారు ఉండగానే వెళ్ళండి.