కొత్త ఒక వింత, పాత ఒక ఊత

యంత్రం సక్రమంగా పనిచేస్తున్నంతకాలం దాని లోపల ఏమున్నదని ఎవరూ అడగరు. అది మూగబోయిన నాడే దాని అంతరంగాన్ని తెలుసుకోవలసిన అవసరం కలుగుతుంది. కంప్యూటర్ విషయంలో ఈ మాట మరింత నిజం. మీట నొక్కగానే తెర వెలగడం అందరికీ అతి సహజంగా తోస్తుంది. ఆ కొద్ది క్షణాల వ్యవధిలో యంత్రం తనను తాను ఎన్ని విధాలుగా పరీక్షించుకుంటుందో తెలిసినవారు అరుదు.

కృష్ణాతీరంలోని ఒక చిన్న పట్టణంలో డి.టి.పి. కేంద్రం నడుపుకొనే యువకునికి 2023 వేసవిలో అటువంటి అవసరం కలిగింది. శుభలేఖలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు అతని జీవనాధారం. 2018లో కొన్న కంప్యూటర్ క్రమంగా మందగించింది. కొత్త యంత్రం కొనే స్తోమత లేదు. అందువల్ల ప్రాసెసర్‌ను మాత్రమే మార్చాలని అతడు నిశ్చయించుకున్నాడు.

ఆ కంప్యూటర్‌లో వెల కట్టలేని సంపద ఒకటి ఉన్నది. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ముప్పై సంవత్సరాలపాటు ఊరూరా తిరిగి సేకరించిన తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు అందులో అక్షరరూపం పొందాయి. పాడినవారిలో చాలామంది కాలం చేశారు. ఆయన చేతివ్రాత పుస్తకాలు అంతకుముందు ఏడాది వానలకు తడిసి ముద్దయ్యాయి. ఇక ఆ పాటలకు మిగిలిన ఏకైక ప్రతి ఆ యంత్రంలోనిదే.

యువకుడు ఎంచుకొన్న మార్గం తప్పు కాదు. అతని మదర్‌బోర్డుపై ఉన్నది ఏఎం4 అనే సాకెట్. 2016లో వెలువడిన ఈ సాకెట్‌లో 2020 నవంబరు నుంచి వచ్చిన రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసర్లు కూడా ఇముడుతాయి. అయితే ఇమడడం వేరు, పనిచేయడం వేరు. ఈ భేదాన్ని అతడు గుర్తించలేదు.

విద్యుత్ తీగను తొలగించి, ఒంటిలోని స్థిర విద్యుత్తు పోయేలా లోహపు పెట్టెను తాకి, అతడు పనికి ఉపక్రమించాడు. ఆ ప్రాసెసర్ అడుగున 1331 సన్నని సూదులుంటాయి. ఒక్కటి వంగినా ప్రమాదమే. ఫ్యాన్‌ను నిలువుగా లాగితే, ఎండిన పేస్టుకు అతుక్కొని ప్రాసెసర్ కూడా ఊడి రావచ్చు. అందుచేత దానిని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీశాడు. మూలనున్న చిన్న త్రిభుజపు గుర్తును చూసి కొత్త ప్రాసెసర్‌ను అమర్చి, పేస్టు పూసి, ఫ్యాన్ బిగించి మీట నొక్కాడు.

ఫ్యాన్ తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

మొదట అతడు కంగారుపడ్డాడు. పిదప ఒక్కొక్కటిగా పరిశీలించసాగాడు. ప్రాసెసర్‌కు విద్యుత్తును అందించే ప్రత్యేకమైన కనెక్టర్ సరిగా బిగిసి ఉన్నది. ర్యామ్‌ను తీసి మళ్లీ అమర్చాడు, ఫలితం లేదు. కొన్ని ప్రాసెసర్లలో చిత్రాన్ని తెరకు అందించే భాగం ఉండదు. వాటికి వేరుగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. అతడు కొన్నదానిలో ఆ భాగం ఉన్నది. సూదులను భూతద్దంతో చూశాడు. అన్నీ నిటారుగానే ఉన్నాయి. గుండ్రని మూడు వోల్టుల బ్యాటరీని కొంతసేపు తీసి ఉంచి, పాత అమరికలను చెరిపివేశాడు. అయినా తెర వెలగలేదు.

అంతలో ఉపాధ్యాయుడు రానే వచ్చాడు.

"ఏం బాబూ, ఎల్లుండికి అచ్చుప్రతి అందుతుందా?"

"అందుతుంది మాస్టారూ."

నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. వృద్ధుడు సంతృప్తితో వెళ్లిపోయాడు. ఆ సంతృప్తి యువకుణ్ణి మరింత కలవరపెట్టింది.

ఆ రాత్రి అతనికి ఒక ఆలోచన తట్టింది. వైద్యుడు రోగి దేహంలో కొత్తగా వచ్చిన మార్పేదో ముందుగా విచారిస్తాడు. ఇక్కడ వచ్చిన మార్పు ఒక్కటే. దానిని వెనక్కు తీసుకొంటే ఏమవుతుంది? పాత ప్రాసెసర్‌ను మళ్లీ అమర్చాడు. తెర వెంటనే వెలిగింది! దానితో మిగిలిన భాగాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని రుజువైంది. లోపం కొత్త ప్రాసెసర్‌లోనైనా ఉండాలి, దానికీ మదర్‌బోర్డుకూ కుదరని పొత్తులోనైనా ఉండాలి.

కంప్యూటర్‌ను మేల్కొలిపే తొలి ప్రోగ్రామును బయాస్ అంటారు. 1981 ఆగస్టులో విడుదలైన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్‌లోనూ అది ఉన్నది. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అనే నూతన రూపం దాని స్థానాన్ని ఆక్రమించినా, వాడుకలో పాత పేరే నిలిచింది. ప్రాసెసర్‌ను గుర్తించడం, ర్యామ్‌ను సిద్ధపరచడం, తెరకు ప్రాణం పోయడం దాని విధులు. 2018 నాటి బయాస్‌కు తరువాత పుట్టిన ప్రాసెసర్ గురించి ఏమి తెలుస్తుంది? ముఖపరిచయం లేని అతిథిని చూసి వాకిట్లోనే నిలిపిన కావలివానివలె అది ప్రవర్తించింది.

పరిష్కారం బయాస్‌ను నవీకరించడమే. ఆ సమయంలో విద్యుత్తు పోతే మదర్‌బోర్డు నిరుపయోగం కావచ్చు. వేసవి కోతలు ఎరిగిన యువకుడు యు.పి.ఎస్. పూర్తిగా చార్జి అయ్యేవరకు నిరీక్షించాడు. తయారీదారు వెబ్‌సైటు నుంచి తన మదర్‌బోర్డు నమూనాకే చెందిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పని ముగించాడు. పాత ప్రాసెసర్ ఉన్న ఆ సమయంలోనే పాటలకు నకలు తీసుకొని ఉండవలసింది. ఆతురతలో ఆ ఆలోచన రాలేదు.

కొత్త ప్రాసెసర్‌ను తిరిగి అమర్చాడు. ఈసారి తెర వెలిగింది. కానీ ఒక హెచ్చరిక కనిపించింది. ప్రాసెసర్ మారినందున పూర్వపు రహస్య సంకేతాలను చెరిపివేయాలా, ఉంచాలా అని యంత్రం ప్రశ్నించింది. చెరిపితే, బిట్‌లాకర్‌తో భద్రపరచిన సమాచారాన్ని తెరవడానికి రికవరీ కీ తప్పనిసరి అని తెలిపింది. పొరుగు దుకాణంలో దొంగతనం జరిగినప్పుడు తన డిస్కుకు ఆ తాళం వేసింది అతడే. నలభై ఎనిమిది అంకెల ఆ కీని అచ్చు తీసిన కాగితం ఎక్కడున్నదో గుర్తు లేదు. అతని చేతులు చల్లబడ్డాయి. ఏ మీటా నొక్కక భార్యను పిలిచాడు.

"ఆ అంకెల కాగితమేనాండీ? మీరు చిత్తుకాగితాల్లో పడేస్తే నేనే తీసి జమాఖర్చుల పుస్తకంలో పెట్టాను."

ఆమె చదువుతుండగా అతడు ఒక్కొక్క అంకెను నమోదు చేశాడు. తాళం తెరుచుకొన్నది. పాటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అతడు ముందుగా చేసిన పని వాటికి రెండు నకళ్లు తీయడం. ఒకటి ఇంట్లో ఉంచి, రెండవది తెల్లవారగానే ఉపాధ్యాయునికి స్వయంగా అందించి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. వృద్ధుడు కొంతసేపు మౌనంగా ఉండి, "నేను కూడా ఒక్క ప్రతినే నమ్ముకొన్నాను కదా బాబూ!" అన్నాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని లోకోక్తి. ఈ యువకుని అనుభవం దానికి చిన్న సవరణ చేస్తున్నది. రోతగా భావించి పక్కన పెట్టిన పాత ప్రాసెసరే కొత్తదానికి ఊత అయింది. ఒక మార్పు చేసినప్పుడు వెనుకకు రాగల దారిని పదిలపరచుకోవాలి. కష్టం వచ్చినప్పుడు అన్నింటినీ ఒకేసారి కదిలించక, ఒక్కొక్కదానిని పరీక్షించాలి. అన్నింటికన్న ముందు, పోతే తిరిగి రానిదేదో గుర్తెరిగి దానిని కాపాడుకోవాలి. ప్రాసెసర్ పోతే మరొకటి కొనవచ్చు. పాడినవారు వెళ్లిపోయిన పాటను ఏ అంగడిలోనూ కొనలేము.