ఐదు గంటల దారి

కువైట్ నుంచి బెంగళూరుకి సుమారు మూడున్నర వేల కిలోమీటర్లు. విమానమెక్కితే ఐదు గంటలు. దిగి కోలారు, కేజీఎఫ్ మీదుగా వస్తే మా వెంకటగిరికోటకి ఇంకో మూడు గంటలు. పొద్దున అక్కడ టీ తాగితే రాత్రికి ఇంట్లో సంగటి తినొచ్చని పంపేటప్పుడు ఏజెంటు చెప్పినాడు. ఆ లెక్క అబద్ధం కాదు, పాస్‌పోర్టు చేతిలో ఉన్నోళ్లకి.

నాది నేను ఇంటిపనికి చేరిన సేటు బీరువాలో ఉండిపోయింది. దిగిన రోజే తీసుకున్నారు. జీతం నిలిపేసినాక ఒక తెల్లారుజామున చెత్త పారేసే దానికని గేటు దాటి మళ్లీ లోపలికి పోలేదు. అట్ల బయటపడినోళ్లని అక్కడ మనోళ్లు ఖల్లివల్లి అంటారు. అకామా, అంటే ఆ దేశంలో ఉండేదానికి అనుమతి, ఉండదు, పోలీసు కనబడితే సందులోకి తిరగాల. జలీబ్‌లోని హసావీలో కడప, రాయచోటి ఆడోళ్లతో ఒకే గదిలో ఉంటూ, గంటల లెక్కన ఇండ్లల్లో పని చేస్తా వచ్చినాను.

కరోనా వచ్చి 2020 మార్చి 13న కువైట్ విమానాలు ఆపేసింది. 22 నుంచి మన దేశం కూడా బయటి విమానాలను దిగనీలేదు. ఏప్రిల్ 6న మేముండే జలీబ్ మొత్తానికి కంచె పడింది. పనుల్లేవు. ఖుబ్బూసు రొట్టె టీలో ముంచుకొని తినేది. ఎవురికన్నా దగ్గొస్తే దిండులో మొహం పెట్టుకొని దగ్గేది, పక్క గదోళ్లకి ఇనబడకుండా.

ఆ నెలలోనే క్షమాభిక్ష ఇచ్చినారు. అకామా లేనోళ్లు జరిమానా లేకుండా పోవచ్చు, టికెట్టు కూడా వాళ్ల సర్కారుదే. పాస్‌పోర్టు లేనోళ్లకిచ్చే ఔట్‌పాసు చేతికొచ్చింది. మమ్మల్ని బడి బిల్డింగుల్లో పెట్టినారు. కువైటోళ్లు పంపిస్తామంటారు, దించేదానికి మన దేశంలో అనుమతి లేదంటారు. మే 9న హైదరాబాదుకి విమానం పోతాందంటే క్యాంపంతా మూటలు కట్టుకుంది. అది టికెట్టు కొనుక్కున్నోళ్లకి.

"బెంగళూరయితే నేనే వచ్చి పిల్చకపోతా మే" అని మా ఆయన ఫోన్లో అనేవాడు. కర్ణాటక బార్డరు మూసి ఉందని ఆయనకీ తెలుసు. అయినా రోజూ అదే మాట. నాకూ అదే ఇనాలనిపించేది.

కడాకు నా పేరు పిలిచినారు. గన్నవరం విమానం. నిజంగానే ఐదు గంటలే పట్టింది. నీళ్ల సీసా ఇచ్చినారు, మాస్కు తీయాలంటే భయమేసి తాగలేదు. గన్నవరం నుంచి మా ఊరికి ఐదొందల కిలోమీటర్లకి పైనే. రాత్రంతా బస్సు. చిత్తూరులో దించి క్వారంటైన్లో పెట్టినారు. ఇల్లు రెండు గంటల దూరం, గేటు బయట పోలీసులు.

ఊళ్లోకొచ్చినాక పలకరించేదానికి చానా దినాలు ఎవురూ రాలేదు. వాళ్లని తప్పు పట్టను. ఇప్పుడు టమాటా మండీలో కాయ ఏరే పనికి పోతాండా. బోరు వేయించేదానికి చేసిన అప్పు ఇంకా ఉంది. ఏజెంటు మళ్లీ ఫోన్ చేసినాడు, ఈసారి మంచి ఇల్లంట. పాస్‌పోర్టు ఇంకా ఆ సేటు బీరువాలోనే ఉందని చెప్పి పెట్టేసినాను. కొత్తదానికి అర్జీ పెట్టమని మా ఆయన అనలేదు, నేనూ అడగలేదు.