దివిటీ పట్టిన మిత్రుడు

గడచిన వేసవి సెలవులలో మేము మిత్రుల మైదుగురము “డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్” అను ఆట నాడితిమి. దీనిని 1974 సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిరి. ఒకడు కథ నడుపును. తక్కినవారు తలకొక వీరుని పాత్రను వహించి, ఇరువది ముఖముల పాచిక వేసి జయాపజయములను తేల్చుకొందురు. సేనల బొమ్మలతో నాడు యుద్ధక్రీడలనుండి పుట్టినదగుటచే ఇందు తొలినుండియు కత్తికే పెద్దపీట. కథ నడుపు భారము నాపై నుండెను.

మేమాడినది 2000 సంవత్సరమున వెలువడిన మూడవ కూర్పు. అందు వీరునకు మొదట నొకటియు, పిదప మూడేసి మెట్ల కొకటియు విశేషశక్తులు లభించును. ఒకే సంచిలోని నాణెముతో కత్తిసామునైనను, మాటనేర్పునైనను కొనవలయును. అందరును కత్తిని కొనిరి. మితభాషియగు మిత్రు డొకడు మాత్రము సంధి నడుపు నేర్పును కోరుకొనెను. బడిలో నోరు మెదపనివాడు ఆటలోనైన మాటకారి కాగోరెనని నే నప్పుడు గ్రహింపనైతిని.

నేనో, పోరుపై పోరు కల్పించితిని. ఒక్కొక్కటి గంటసేపు సాగెను. వాని వేటు ఒక్కటియు తగులలేదు. తుదకు వాడు మెల్లగా, “నేను దివిటీ పట్టుకొని నిలుచుందునురా, మీరు కానిండు” అనెను. అందరమును నవ్వితిమి. మరుసటి శనివారము వాడు రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విరాటపర్వకథ జ్ఞప్తికి వచ్చెను. భీముడు వంటవాడయ్యెను, అర్జునుడు నాట్యము నేర్పెను, నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కనిపెట్టిరి. ఆ విద్యలకై వారు శౌర్యమును వెలగా నీయలేదు గదా! 2014 నాటి ఐదవ కూర్పునందును వీరుని పూర్వవృత్తినిబట్టి రెండు నేర్పులు యుద్ధవిద్యతో నిమిత్తము లేకయే లభించుచున్నవి.

కావున నేనును రెండు సంచులు చేసితిని: పోరున కొకటి, తక్కిన విద్యల కొకటి. ఒకదాని నాణెము రెండవదానియందు చెల్లదు. అంతమాత్రము చాలదు, వినియోగించు తావు లేనిచో నేర్పు వ్యర్థము. అందుచే ప్రతిదినమును కత్తికి తెగని చిక్కు నొకదానిని కథలో నుంచితిని. పిమ్మట వాని యింటికి బోయి, క్షమింపుమని వేడి, తోడ్కొని వచ్చితిని.

ఆనాడు వంతెన కావలివాడు దారి విడువడయ్యెను. మా మితభాషి మాటలాడ మొదలిడెను. స్వరము వణకెను. పాచిక దొర్లి 17 పడెను, దారి దొరకెను. అట్లే, అంతదనుక సభలలో మూగవలె నుండిన మా ఖడ్గధారి, కొత్తగా నేర్చిన అశ్వవిద్యచే బెదరిన గుఱ్ఱమును శాంతింపజేసెను. పిదప జరిగిన పోరులో మితభాషి బాణము తొలిసారి గురికి తగిలెను. ఆ దినము మమ్ము విడిచిపోవుటకు వాని కిష్టము లేకపోయెను.

చదువరులారా! సమత్వమనగా అందరికి ఒకే బలమిచ్చుట కాదు. ప్రతివానికిని వాని వంతు వచ్చునట్లు చూచుట. ఎవనిచేతను ఎల్లకాలము దివిటీ పట్టింపరాదు.