స్వరాజ్ ద్వీపమున సముద్రగర్భ దర్శనము

సముద్రతీరమున పుట్టి పెరిగిన మనలో సముద్రస్నానము చేయనివారు అరుదు. పర్వదినములలో మోకాటిలోతు నీట నిలిచి, మూడు మునుగులు మునిగి, తడిబట్టలతో ఒడ్డునకు వచ్చుటతో మనకు సముద్రముతోడి పరిచయము ముగియును. ఆ కెరటముల క్రింద నేమున్నదో కన్నులార చూచినవారు మన స్త్రీలలో మిక్కిలి తక్కువ. ఇటీవల మాకట్టి యవకాశము లభించినది. అచట చూచిన వింతలకంటె, మమ్ము నీటిలోనికి దింపువారి నెన్నుకొనుటలో మేము పడిన తర్జనభర్జనయే సోదరీమణుల కెక్కువ ఉపయోగపడునని తోచి, ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గడచిన మాఘమాసమున మేము, మా వదినగారు, పదునేడేండ్ల మా అమ్మాయి, మువ్వురము విశాఖపట్టణమున ఓడ నెక్కి అండమాను దీవులకు పోయితిమి. రెండు దినములకు పైగా నలుదెసల నీరు తప్ప మరేమియు కానరాదు. మూడవనాడు పచ్చని కొండలు కనబడగానే ప్రాణము లేచి వచ్చినట్లయ్యెను. మనము పోర్టు బ్లెయరని చదువుకొన్న పట్టణమునకు 2024వ సంవత్సరమున శ్రీ విజయపురమని పేరు పెట్టిరి. అచటి బజారులో కూరగాయల దుకాణమున తెలుగుమాట వినబడినప్పుడు మేము పరదేశమున నున్నామను తలంపే పోయినది. మన ఉత్తర కోస్తా జిల్లాలనుండి తరతరములుగా వలసపోయి స్థిరపడినవారచట పెక్కుమంది కలరు.

అచటినుండి పడవపై రెండు గంటలకు పైగా ప్రయాణము చేసినచో హేవలాకు ద్వీపము చేరుదుము. దీనికి 2018వ సంవత్సరాంతమున స్వరాజ్ ద్వీపమని పేరు మార్చిరి. కొబ్బరితోటలు, తెల్లని ఇసుక, ఆకుపచ్చయు నీలమును కలసిన నీరు కలిగిన ఈ చిన్న ద్వీపము స్కూబా అను సముద్రగర్భ విహారమునకు ప్రసిద్ధి కెక్కినది. వీపున గాలి నింపిన సిలిండరు కట్టుకొని, నోటగొట్టముతో శ్వాస పీల్చుచు నీటి యడుగున సంచరించుటయే స్కూబా. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యా అను నిరువురు కూర్చిన సాధనము ఈ విద్యకు మూలము.

ఇది పురుషుల సాహసమని తలపవలదు. కొరియా దేశపు జెజు ద్వీపమున స్త్రీలు తరతరములుగా ఏ సిలిండరును లేక ఊపిరి బిగబట్టి మునిగి, నత్తలను, సముద్రపు నాచును ఏరి సంసారములు పోషించుకొనుచున్నారు. వారి వృత్తిని 2016లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వములలో చేర్చినది. మా అమ్మాయి ఈ సంగతులన్నియు చదివి, ఏడాది కాలముగ ఇదే కలవరింతగా నుండెను. ఇంటి గోడమీద చేపల బొమ్మలు, పుస్తకపు టట్టపై పగడపు బొమ్మలు! ఈ ప్రయాణమంతయు ఆమె ముచ్చట తీర్చుటకే యని చెప్పవచ్చును.

పడవ దిగగానే నలుగురైదుగురు చీటీలు చేతబట్టుకొని మమ్ము చుట్టుముట్టిరి. అందరికంటె తక్కువ ధర చెప్పినవాని వెంట మొదట పోయితిమి. చిన్న పాక, బయట ఎండలో సిలిండర్లు పడియున్నవి. ఒక కాగితమిచ్చి సంతకము చేయుమనెను. దానిలో గుండెజబ్బు కలదా, చెవిపోటు కలదా, ఉబ్బసము కలదా, గర్భవతులా, ఇటీవల శస్త్రచికిత్స జరిగినదా అని వరుసగా ప్రశ్నలున్నవి. మేము చదువుచుండగా అతడు నవ్వి, "అమ్మా, అన్నిటికి లేదని గీత గీయండి. చదువుచు కూర్చున్నచో ప్రొద్దుపోవును" అనెను.

మేము కలము క్రింద పెట్టితిమి. మా అమ్మాయికి చిన్ననాడు ఉబ్బసముండెడిది. పదకొండవయేట తగ్గినదనుకొంటిమి గాని, చలికాలమున జలుబు చేసినప్పుడు ఇప్పటికిని ఒక్కొక్కరాత్రి పిల్లికూతలు వినవచ్చును. అమ్మాయి మా మోచేయి పట్టుకొని, "అమ్మా, అది ఎప్పటిమాట! వ్రాయకమ్మా" అని మెల్లగా బ్రతిమాలెను.

మా వదినగారు లౌక్యము తెలిసినవారు. ఆమె తొందరపడక, "ఒక్కొక్క మనిషికి ఎంతమందిని అప్పగింతురు?" అని అడిగిరి. ఒకనికి ఆరుగురట. "నీటిలో నెవరికైన ప్రాణము మీదికి వచ్చినచో ఆక్సిజను కలదా?" అనగా, ఇన్నేండ్లలో దానితో పనిపడలేదని చెప్పెను. ఎల్లుండి ఉదయమే మునిగి, మధ్యాహ్నము శ్రీ విజయపురమున విమానమెక్కవచ్చునని కూడ సెలవిచ్చెను. మా తిరుగుప్రయాణము విమానముపైననే. వదినగారు లేచి, "వదినా, కుండ కొనునప్పుడు సైతము తట్టి చూతుము. ఇచట పిల్లనే అప్పగించవలెను గదా, పద" అనిరి. మేము లేచి వచ్చితిమి.

ఆ ప్రశ్నలన్నియు ఊరక వ్రాసినవి కావు. వాని కారణము తెలిసినచో ఎవరిని నమ్మవచ్చునో మనకే తెలియును. సముద్రమున పది మీటర్లు దిగినచో మనమీది ఒత్తిడి ఒడ్డున నున్నదానికి రెట్టింపగును. అచట పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో, ఆ గాలియే ఊపిరితిత్తులలో రెట్టింపుగా ఉబ్బును. అందుచే ఊపిరి బిగబట్టరాదనునదే ఈ విద్యలో మొదటి పాఠము. ఉబ్బసము గలవారికి శ్వాసనాళములు బిగిసికొని, తాము బిగబట్టకున్నను గాలి లోపల చిక్కుకొనవచ్చును. అప్పుడు ఊపిరితిత్తులు చినుగు ప్రమాదము కలదు.

మరియొకటి. లోతున నున్నంతసేపు గాలిలోని నత్రజని రక్తమున కరగును. గోలీసోడా మనమెరిగినదే గదా! గోలీ నొక్కగానే బుడగలు బుసబుస పొంగును. లోతునుండి తటాలున పైకి వచ్చిన మనిషి శరీరములోను అట్లే బుడగలు పుట్టి, కీళ్లకు, నరములకు హాని చేయును. అందుచే మెల్లగా పైకి రావలెను. అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగి రావలెను. విమానమున గాలి ఒత్తిడి తక్కువ గనుక, ఒకసారి మునిగినవారు పండ్రెండు గంటలైనను, పలుమార్లు మునిగినవారు పదునెనిమిది గంటలైనను గడవనిదే విమానమెక్కరాదు. ఉదయము మునిగి మధ్యాహ్నము విమానమెక్కుడని చెప్పినవాడు ఈ పాఠము నేర్చి మరచెనో, నేర్వనే లేదో!

మరునాడు మరియొక కేంద్రమునకు పోయితిమి. ధర ఎక్కువ. శిక్షకురాలు ఇరువది యెనిమిదేండ్ల యువతి. ఆ దీవులలోనే పుట్టిన తెలుగుపిల్ల. మేము ప్రశ్నలు వేయుటకు ముందే ఆమెయే మమ్ము ప్రశ్నించెను. ఈత వచ్చునా, జలుబు కలదా, నిత్యము మందులేమైన వాడుదురా, తిరుగు విమానమెప్పుడు అని అడిగి వ్రాసికొనెను. తన పత్రము చూపి, అది ఇచ్చిన అంతర్జాతీయ సంస్థవారి వెబ్‌సైటులో తన సంఖ్యను మమ్మే సరిచూచుకొనుమనెను. ఇట్టి సంస్థలలో పాడి, ఎస్.ఎస్.ఐ., సి.ఎమ్.ఎ.ఎస్. అనునవి పేరుగలవి. సిలిండరు మెడపై పరీక్ష జరిగిన తేదీ ముద్ర చూపెను. ఆక్సిజను పెట్టె తెరచి చూపెను. వైద్యశాల యెచటనున్నదో, పడవపై ఎంతసేపటిలో చేరవచ్చునో చెప్పెను.

పిమ్మట కాగితమిచ్చెను. మేము ఉబ్బసమునెదుట ఉన్నదని వ్రాసితిమి. ఆమె చదివి, అమ్మాయివైపు తిరిగి, "చెల్లీ, వైద్యుడు శ్వాసపరీక్ష చేసి వ్రాసి ఇచ్చువరకు నేను నిన్ను నీట దింపను. నీమీద కోపము లేదు, నీ డబ్బు చేదును గాదు" అని మెత్తగానే గాని, మారుమాటకు తావులేకుండ చెప్పెను.

అమ్మాయి ముఖము చిన్నబోయినది. ఆ రాత్రి అన్నము తినక, "ఒక్కమాట వ్రాయకున్న ఏమయ్యెడిది? ఏడాదిగా ఎదురుచూచితిని గదమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చెను. మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఆమె ముచ్చట తీర్పవచ్చి, మా చేతితోనే దాని కడ్డుగీత గీసితిమి గదా యని మాకును కంటినీరు వచ్చినది. మేమును మునుగుట మానుకొందుమంటిమి. అప్పుడు అమ్మాయియే కన్నులు తుడుచుకొని, "మీరైన చూచివచ్చి చెప్పండి, అత్తయ్యా" అనెను.

మరునాటి ఉదయము నడుములోతు నీటిలో మాకు గంటసేపు పాఠము. కండ్లద్దములో నీరు చేరినచో ముక్కుతో ఊది వెడలించుట, నోటగొట్టము జారినచో తిరిగి అందుకొనుట, ముక్కు నొక్కి ఊది చెవులలోని ఒత్తిడి సరిచేసికొనుట నేర్పిరి. నీటిలో మాటలు లేవు గనుక సైగలే భాష. బొటనవ్రేలు పైకెత్తుట "బాగున్నది" అని కాదు, "పైకి పోవుద"మని అర్థము. మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క శిక్షకురాలు. పడవ కదలుటకు ముందు అందరిపేర్లు వ్రాసికొనిరి. తిరిగివచ్చునప్పుడు ఆ పేర్లే పిలిచి లెక్కించిరి. ఇది చిన్న విషయము గాదు. 1998వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశపు పగడపు దిబ్బలవద్ద, లెక్క తప్పి, ఒక భార్యాభర్తలను సముద్రముననే విడిచి పడవ వెడలిపోయినది. రెండు దినముల వరకు ఎవరును గమనింపలేదు. ఆ దంపతులు మరి దొరకలేదు.

మూడు మీటర్లు దిగగానే వదినగారికి చెవి నొప్పిపుట్టెను. ఆమె బొటనవ్రేలెత్తగానే శిక్షకురాలు ఆమెను మెల్లగా పైకి తీసికొనిపోయెను. ఇంకొంచెము ఓర్చుకొనుమని గాని, డబ్బు వృథాయని గాని ఒక్కమాట అనలేదట. మేము ఎనిమిది మీటర్ల వరకు దిగితిమి. శిక్షణలేనివారిని పండ్రెండు మీటర్లకు మించి దింపరాదు. అచట మెదడు ఆకారపు పగడములు, వానిని పటపట కొరుకుచున్న చిలుకచేపలు, ఊగులాడు సముద్రపుష్పముల నడుమ ఇల్లు చేసికొన్న నారింజవన్నె చేపలు కనబడినవి. తెల్లబడి విరిగిన పగడపు కొమ్మలును కనబడినవి. 2010వ సంవత్సరపు వేసవిలో సముద్రము మితిమీరి వేడెక్కుటచే ఈ దీవులచుట్టు పగడములు విస్తారముగ తెల్లబారినవి. పగడము రాయి కాదు, ప్రాణి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి చట్టము దానిని కాపాడుచున్నది. ముట్టరాదు, ఇంటికి తేరాదు. ఇసుక లేపి, పగడములపై కాలుమోపు కేంద్రమువారు మనలను మాత్రము జాగ్రత్తగా చూచుకొందురని నమ్ముటెట్లు?

అమ్మాయికి చెప్పిన మాట తప్పక, విమానమునకు ముందున్న రెండు దినములు షహీద్ ద్వీపమున గడపితిమి. అచటి భరత్‌పూరు తీరమున అడుగున గాజుపలక గల పడవలు కలవు. అమ్మాయి గంటసేపు తలయెత్తలేదు. చిలుకచేపను మాకంటె ముందు గుర్తుపట్టి పేరు చెప్పెను.

ఇల్లుచేరిన పిమ్మట ఊపిరితిత్తుల వైద్యునికి చూపించితిమి. పరుగెత్తించి శ్వాస కొలిచి, నాళములింకను బిగిసికొనుచున్నవని, ఇప్పుడు స్కూబా పనికిరాదని ఆయన నిష్కర్షగా చెప్పెను. ఆ మాట మాకు సంతోషము కలిగించలేదు. దారిలో అమ్మాయి చాలసేపు మౌనముగ నుండి, "ఆ మొదటి పాకలో లేదని వ్రాసియుంటిమా..." అని సగములో ఆపెను. ఆ సాయంకాలమే ఆ శిక్షకురాలికి తానే ఒక ఉత్తరము వ్రాసి, గాజుపడవలో చూచిన చేపల జాబితా దానికి జతచేసెను.

సోదరీమణులారా! ఏ తీరమునకు పోయినను, నీటిలోనికి దింపువారిని ధరబట్టి ఎన్నుకొనకుడు. మనకు కాదని చెప్పగలవారినే ఎన్నుకొనుడు. వారు మిమ్ము ప్రశ్నింపనిచో మీరే వారిని ప్రశ్నింపుడు. ఆరోగ్యపత్రమున నిజమే వ్రాయుడు. గర్భవతులు, జలుబు గలవారు ఒడ్డుననే యుండుడు. సముద్రము ఎచటికిని పోదు. మన పిల్లలు ఇల్లు చేరుటయే ముఖ్యము.