పొగమంచులో తురకం

మా ఇంట్లో తురకం మాట్లాడతాం. దాన్ని ఉర్దూ అనాలని చదువుకున్నాకే తెలిసింది. గడప దాటితే తెలుగు. బడి ముందు నిలబడి అమ్మీ తురకంలో పిలిస్తే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని.

ఈ మధ్య ఆ మాటలు ఎక్కడ కనబడ్డాయో చెబితే నవ్వుతారు. అమెరికా బొమ్మల కథల పుస్తకంలో!

న్యూజెర్సీలో ఉండే మా అక్క కొడుకు, ఇంటర్ చదివే మా అమ్మాయికి 'మిస్ మార్వెల్' మొదటి సంచిక తెచ్చిచ్చాడు. 2014 ఫిబ్రవరిలో వచ్చింది. కథానాయిక కమలా ఖాన్, జెర్సీ సిటీలో పెరిగిన పదహారేళ్ల పిల్ల. అమ్మానాన్నలు పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు. ఒక ముస్లిం పాత్రని నాయికగా పెట్టి మార్వెల్ వాళ్లు విడిగా పుస్తకం నడపడం అదే మొదలు. రాసిన జి. విల్లో విల్సన్ ఇస్లాం స్వీకరించిన అమెరికన్.

మొదట్లోనే కమల పంది మాంసం శాండ్‌విచ్ ముందు నిలబడి వాసన పీలుస్తుంది. తినదు. పక్కనే స్నేహితురాలు నకియా, తలకి స్కార్ఫ్‌తో. తెల్లపిల్ల ఒకతి వచ్చి, అది కట్టుకోమని ఇంట్లో బలవంతపెట్టారా అని నకియాని అడుగుతుంది. నిజానికి తీసెయ్యమనేది వాళ్ల నాన్నే! ఆ పిల్ల గొంతులో ద్వేషం లేదు, జాలి ఉంది. ఆ జాలి నాకు బాగా తెలుసు. "మీ ఆడవాళ్లని బయటికి రానిస్తారా?" అని ఎంతో ప్రేమగా అడిగిన అభ్యుదయ మిత్రులు నాకూ ఉన్నారు.

ఆ రాత్రి కమల ఇంట్లో వద్దన్నా దొంగచాటుగా పార్టీకి వెళ్తుంది. అవమానపడి తిరిగొస్తుంటే ఊరిమీదకి పొగమంచు కమ్ముకుంటుంది. అది ఆమె కథలో పుట్టింది కాదు. 2013లో వచ్చిన 'ఇన్ఫినిటీ' అనే పెద్ద కథలో, ఇన్‌హ్యూమన్ల రాజు పేల్చిన బాంబులోంచి లేచింది. అక్కడ లేచి ఎన్నో పుస్తకాల్లోకి పాకింది. ఎవరి నెత్తుట్లో ఆ జాతి అంశ దాగి ఉంటే వాళ్లని మార్చేస్తుంది. ఆ యుద్ధంతో ఈ పిల్లకేం సంబంధం?

నాకు 1992 డిసెంబర్ గుర్తొచ్చింది. అయోధ్య ఎక్కడ, మా ఊరెక్కడ? మర్నాటి నుంచీ నేను వెళ్లి కూర్చుంటే టీకొట్లో మాటలు ఆగిపోయేవి. అంతవరకూ నేను మేష్టారి అబ్బాయిని. ఆ తర్వాత నా నెత్తుట్లో ఏముందో వెతకడం మొదలైంది.

మంచులో కమలకి తన ఆరాధ్య వీరులు కనబడతారు. మధ్యలో కెప్టెన్ మార్వెల్. ఆమె నోట ఉర్దూ మాటలు! ఆవచేలు పూసిన వసంతం మీద అమీర్ ఖుస్రో పాట. ఆకాశంలోంచి దిగినవాళ్లు మన ఇంటిభాషలో పలకరిస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. అయినా, ఏం కావాలంటే ఆ పిల్ల ఏం కోరింది? నీలాగే అవ్వాలంది. పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చేసరికి తెల్లటి ఒళ్లు, బంగారు జుట్టు. సంచిక అయిపోతుంది.

"శక్తులొస్తే తెల్లపిల్లయి పోవడమేంటి అబ్బా, పిచ్చిదా?" అంది మా అమ్మాయి.

నవ్వలేకపోయాను. 1993లో ఉద్యోగం దొరికిన ఊళ్లో గది వెతుక్కున్నాను. మూడిళ్లలో నా పేరు వినగానే "ఇచ్చేశాం బాబూ" అన్నారు. టు-లెట్ బోర్డు మాత్రం తియ్యలేదు. నాలుగో ఇంట్లో నా పేరు చందు అని చెప్పాను. రెండేళ్లు చందునే. రంజాన్‌లో తలుపేసుకుని, గిన్నె చప్పుడు కాకుండా సహరీ చేశాను. ఇంటావిడ మంచిది. పండక్కి పులిహోర పెట్టేది. అది చందుకి. అమ్మీ చూడ్డానికొస్తానంటే గది ఇరుకు, రావద్దని ఉత్తరం రాశాను. ఆమె నోరు విప్పితే తురకం వస్తుంది కదా.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. తర్వాతి సంచికల్లో కమల ఆ తెల్లరూపం వదిలేసి, బుర్ఖినీతో కుట్టుకున్న దుస్తుల్లో తన మొహంతోనే నిలబడుతుందని తను చెప్పింది. కాసేపాగి అడిగింది: "దాదీకి తెలుసా?"

తెలీదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు రాద్దామంటే అమ్మీ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

గది ఇరుకు కాదమ్మీ.